గరిటె ఎవరి చేతిలో ఉంది? బెంగళూరు తెలుగువారికి ఫ్యాటీ లివర్ ఎంపికలు

బెంగళూరు కంపెనీల్లో ఏడాదికోసారి జరిపే ఆరోగ్య పరీక్షల తర్వాత ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న మాట చేతికి రావడం ఇప్పుడు వింత కాదు. 2025లో వెలువడిన ఒక అధ్యయనం హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు ఎక్కువగా ఉందని చెప్పింది. అదే కుర్చీ, అవే పనివేళలు మారతహళ్లిలోనూ వైట్‌ఫీల్డ్‌లోనూ ఉన్నాయి. రిపోర్టు చూసిన వారంలోపు ఒకరు అన్నం మానేస్తారు, మరొకరు ఐదు రకాల సిరిధాన్యాలు తెచ్చి డబ్బాల్లో పోస్తారు, ఇంకొకరు జిమ్‌కు ఏడాది రుసుము ఒకేసారి కట్టేస్తారు, నాలుగో ఆయన ఊరి నుంచి తిప్పతీగ పొడి తెప్పించుకుంటాడు. ఎవరి నమ్మకం వారిది.

వీటిలో ఏది మంచిదని అడిగేముందు నేను మరో ప్రశ్న అడుగుతాను: మీ తిండి వండే గరిటె ఎవరి చేతిలో ఉంది? పీజీ హాస్టల్ వంటవాడి చేతిలోనా, ఆంధ్రా మెస్సులోనా, దర్శిని హోటల్లోనా, మీ ఇంట్లోనా? ఆహార పద్ధతుల మధ్య తేడా మనం అనుకునేంత పెద్దది కాదు. బరువు ఒకే మోతాదులో తగ్గితే కాలేయంలో కొవ్వు కూడా దాదాపు ఒకే మోతాదులో తగ్గుతుంది. అసలు తేడా ఏ పద్ధతిని ఆరు నెలలు నిలబెట్టుకోగలరన్న దగ్గర వస్తుంది. అది మీ పట్టుదల మీద కన్నా మీ వంటగది మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ముందు ఏ పరీక్షను నమ్మాలి

కాలేయంలో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం ముట్టనివారికీ వస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయక, పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి, మిగులు పిండిపదార్థాన్నీ చక్కెరనూ కాలేయం కొవ్వుగా మార్చి దాచుకోవడం దీనికి మూలం. 2023లో వైద్య సంఘాలు దీని పేరు మార్చాయి కాబట్టి కొత్త రిపోర్టుల్లో ‘ఎంఏఎస్‌ఎల్‌డీ’ అని కనిపించవచ్చు. జబ్బు పాతదే.

పొట్ట స్కానింగ్ (అల్ట్రాసౌండ్) చెప్పే గ్రేడ్ కొవ్వు ఎంత ఉందో సుమారుగా చెబుతుంది, అంతకుమించి కాదు. కొవ్వు 20 శాతం దాటేదాకా అది సరిగా పట్టుకోలేదు కూడా. భవిష్యత్తును తేల్చేది కాలేయం మీద పడుతున్న మచ్చ, అంటే ఫైబ్రోసిస్. గ్రేడ్ 3 ఉండి మచ్చ లేనివారు ఉంటారు, గ్రేడ్ 1 ఉండి మచ్చ ముదిరినవారూ ఉంటారు. గ్రేడ్ 1 కదా, అందరికీ ఉండేదేలే అని రిపోర్టును సొరుగులో పెట్టేవారంటే నాకు భయం. గ్రేడ్ 2 చూసి రాత్రంతా నిద్రపోనివారి మీద జాలి.

మచ్చ సంగతి తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఖర్చు లేనిది, ‘ఫిబ్-4’ అనే లెక్క. మీ దగ్గర ఇప్పటికే ఉన్న రక్తపరీక్షలతోనే చేసుకోవచ్చు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి రక్తపరీక్షలో కనిపించే కాలేయ ఎంజైమ్‌లు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలలో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 45 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు అనుకుందాం. 45ను 40తో గుణిస్తే 1800. 250ని 8తో గుణిస్తే 2000. జవాబు 0.9. ఇది 1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే ఆలస్యం చేయకుండా కాలేయ నిపుణుణ్ణి కలవాలి. మధ్యలో ఉంటే రెండో పరీక్షకు వెళ్లాలి. 65 ఏళ్లు దాటినవారికి 1.3 బదులు 2ను హద్దుగా తీసుకుంటారు. 35 ఏళ్లలోపు వారికి ఈ లెక్క అంతగా నమ్మదగింది కాదు. బెంగళూరులో ఈ రిపోర్టు పట్టుకుని తిరిగేవారిలో చాలామంది ఆ వయసువారే కాబట్టి ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండో దారి ఫైబ్రోస్కాన్. పక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనించి కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తారు. పరీక్షకు మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. కాలేయం బిగువు 8 కిలోపాస్కల్‌ల లోపు ఉంటే ముదిరిన మచ్చ లేదని సాధారణంగా ధైర్యం చెప్పవచ్చు. మామూలు స్కానింగ్ కంటే ఖర్చు ఎక్కువ. ఫిబ్-4 తక్కువగా ఉండి, మధుమేహం లేనివారు ఆ డబ్బును ఇప్పుడే ఖర్చు పెట్టనక్కరలేదు. మధుమేహం ఉన్నా, బాగా లావుగా ఉన్నా, ఇంట్లో ఎవరికైనా సిర్రోసిస్ (కాలేయమంతా మచ్చలు పడి గట్టిపడే చివరి దశ) వచ్చి ఉన్నా చేయించుకోవడమే మేలు.

ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే జబ్బు లేనట్టే అన్న నమ్మకం కూడా సరికాదు. ఎంజైమ్‌లు మామూలుగా ఉండగానే మచ్చ పెరిగినవారు ఉన్నారు. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒక్కసారైనా చేయించి, వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, టామోక్సిఫెన్ వంటివి కూడా కాలేయంలో కొవ్వు చేరడానికి కారణం కావచ్చు.

ఎంత తగ్గితే చాలు

ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు చెప్పుకోదగ్గంత కరుగుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. 10 శాతం దాటితే మచ్చ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. 80 కిలోల మనిషికి ఇవి 4, 5.6, 8 కిలోలు. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి సుమారు అరకిలో పోతుంది, అంటే నాలుగైదు నెలల పని. వారానికి కిలోన్నరకు మించి తగ్గిస్తే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పెళ్లి ముహూర్తానికి తగ్గాలన్న తొందర కాలేయానికి లేదు.

సన్నగా ఉన్నాను, నాకెందుకు వచ్చిందనేవారూ తక్కువేమీ కాదు. మన శరీరాలకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట ముందుకు వచ్చినవారు తూకం యంత్రాన్ని కాక టేపును నమ్మాలి. ఇలాంటివారికి 3 నుంచి 5 శాతం తగ్గినా ఫలితం కనిపిస్తుంది.

పీజీలో ఉంటే

ఇక్కడ మీకు ఎంపిక చాలా తక్కువ. ఉదయం చిత్రాన్నం లేదా పూరీ, రాత్రి అన్నం, పలుచని పప్పు, బంగాళాదుంప కూర. అందులో మాంసకృత్తులు ఉండవు, కూరగాయలు ఉండవు, నూనె మాత్రం ఉంటుంది. అలాంటి చోట కీటో (పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు మీద నడిచే పద్ధతి) చేస్తాను, సిరిధాన్యాలు తింటాను అని తీర్మానించుకుంటే రెండో వారానికే నీరుగారిపోతుంది. వాళ్లు పెట్టేదాన్ని సగం చేసి, మిగిలిన సగాన్ని మీ గదిలో భర్తీ చేసుకోవడం ఒక్కటే నిలబడే పద్ధతి. గుడ్లు ఉడికించే చిన్న విద్యుత్ పాత్ర, నానబెట్టిన పెసలు, వేయించిన శనగలు, పెరుగు, కీరదోస, జామపళ్లు. ఇవన్నీ పొయ్యి లేకుండా కుదిరేవే. అన్నానికి ముందే రెండు గుడ్లూ ఒక కీరదోసా తిని కిందికి వెళితే ప్లేటు దానంతటదే చిన్నదవుతుంది.

పూరీ రోజున కిందికి వెళ్లకండి. ఆ పూట దర్శినిలో ఇడ్లీ తినడం అన్ని విధాలా నయం. అయితే దర్శినిలోనూ తేడాలున్నాయి. ఆవిరి మీద ఉడికిన రెండు మామూలు ఇడ్లీలు ఒక పక్క, వెన్న కరిగి పారే బెణ్ణె దోసె మరో పక్క. రెండూ మినుములూ బియ్యమే, తేడా పెనం మీద పోసే కొవ్వులో ఉంది. తట్టె ఇడ్లీ చూడటానికి ఒకటే, పరిమాణంలో రెండు మూడు ఇడ్లీలకు సమానం. ఖారా బాత్‌కు తోడు కేసరి బాత్ కూడా ఉండే చౌచౌ బాత్ మాత్రం ఈ జబ్బుకు సరిగ్గా సరిపోయే శిక్ష: రవ్వ మీద రవ్వ, నూనె మీద నెయ్యి, పైన చక్కెర. నెలకోసారి తినండి, రోజూ వద్దు. సాంబారు రెండోసారి పోయించుకోండి, అందులో వడ మాత్రం వద్దు.

ఆంధ్రా మెస్సులో తింటే

మెస్సులో చిక్కు రుచిలో లేదు, వరసలో ఉంది. ముద్దపప్పుతో, పొడితో, నెయ్యితో మొదటి అన్నం. కూరతో కొంత. సాంబారుతో మళ్లీ అన్నం. చారుతో ఇంకోసారి. చివర పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. అడిగినంత పెట్టే చోట ఒక్కో ద్రవానికీ ఒక్కో గరిటె అన్నం చొప్పున నాలుగైదు గరిటెలు లోపలికి పోతాయి. వండిన అన్నం ఒక కప్పు సుమారు 200 కేలరీలు.

ఏ అన్నాన్ని వదులుకోవాలన్నదే ఎంపిక. నా తీర్పు ఇది: పప్పన్నాన్ని ఉంచుకోండి, ఎందుకంటే అందులో మాంసకృత్తులు ఉన్నాయి. పెరుగన్నాన్ని కూడా ఉంచుకోండి, ఎందుకంటే అది లేకపోతే మీరు వారంలోపు ఈ ప్రయత్నాన్నే వదిలేస్తారు. సాంబారన్నాన్నీ చారన్నాన్నీ వదిలేయండి. సాంబారును కూరలా తినండి, చారును గ్లాసులో పోయించుకుని తాగండి. వడ్డించేవాడు వింతగా చూస్తాడు, రెండో రోజుకు అలవాటుపడతాడు. అన్నం మొత్తం ఒక కప్పున్నరకు ఆగుతుంది. మెస్సు మానేసినవారి కన్నా ఇలా మెస్సులోనే సర్దుకున్నవారే ఎక్కువ కాలం నిలబడతారని నా నమ్మకం.

పొడి మీద నెయ్యి ఒక చెంచా పరవాలేదు, గుంట చేసి నింపడం వద్దు. దీనికి కారణం ఉంది. 2018లో వెలువడిన ఒక ఫిన్లాండ్ ప్రయోగంలో మనుషులకు మూడు వారాల పాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా తినిపించారు. వెన్న, జున్ను, కొబ్బరినూనె వంటి సంతృప్త కొవ్వుతో తిన్నవారి కాలేయ కొవ్వు 55 శాతం పెరిగింది. చక్కెరలతో తిన్నవారికి 33 శాతం, గింజలు, ఆలివ్ నూనె వంటి అసంతృప్త కొవ్వుతో తిన్నవారికి 15 శాతం పెరిగింది. కేలరీలు ఒకటే అయినా కాలేయం వాటిని ఒకేలా చూడలేదు. ఇంట్లో వేరుశనగ నూనె, నువ్వుల నూనె వాడేవారు వాటినే కొనసాగించవచ్చు, చేయి మాత్రం బిగబట్టాలి. మనిషికి నెలకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు అన్న లెక్కలో ఉంటే మంచిదే. ఆలివ్ నూనె కోసం అప్పు చేయనక్కరలేదు.

ఇంట్లో వంట మీదైతే: అన్నమా, చపాతీయా, రాగి ముద్దా

ఈ ముగ్గురి పోటీలో జనం ఊహించే విజేత వేరు, అసలు ఫలితం వేరు. అన్నానికి బదులు రాత్రి చపాతీలు అనగానే జబ్బు సగం తగ్గినట్టు సంబరపడతారు. నూనె వేయని రెండు చపాతీలు సుమారు ఒక కప్పు అన్నానికి సమానం. నాలుగు చపాతీలు నూనెతో కాల్చి బంగాళాదుంప కుర్మాతో తింటే అన్నమే నయం. చపాతీకి ఉన్న ఒక లాభం లెక్కపెట్టడానికి వీలు కావడం. అన్నం గుట్టను ఎవరూ లెక్కపెట్టరు.

రాగులూ బియ్యమూ కేలరీల్లో దగ్గర దగ్గరే. తేడా పీచులో ఉంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, మరపట్టిన తెల్ల బియ్యంలో 3 గ్రాములకు లోపే. అందుకే ముద్ద తిన్నాక కడుపు చాలాసేపు నిండుగా ఉంటుంది. కర్ణాటక రాగి ముద్దలో సాధారణంగా ఉత్త రాగిపిండే ఉంటుంది. మన రాయలసీమ సంగటిలో బియ్యం నూకలు కలుస్తాయి. ఏది చేసినా ఒక ముద్ద, దాని పక్కన పప్పుకూరో ఆకుకూరో ఉంటే ఇది మూడింటిలో ఉత్తమం. పక్కన నూనె తేలే మాంసం పులుసు ఉంటే రాగి చేసిన మేలంతా పులుసు తినేస్తుంది. రాగిపిండితోనే చేసే రెండు పానీయాల మధ్య కూడా దూరం చాలా ఉంది. మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తాగే అంబలి ఒకటి, బెల్లం, పాలు పోసి తాగే రాగి మాల్ట్ ఒకటి. రెండోదాన్ని ఆరోగ్యం పేరుతో రోజూ తాగుతున్నారంటే బెల్లం తాగుతున్నారన్నమాట.

కొర్రలు, సామలు, ఊదలు, అరికలు మంచివే. ధర ఎక్కువ. రెండు రకాలు చాలు, వారానికి మూడు నాలుగు పూటలు చాలు. కొర్రలతో పులిహోర, కొర్రలతో పాయసం చేసుకునేవారికి నేను చెప్పగలిగేది లేదు.

ప్లేటులో ధాన్యం ఏదన్నదాని కంటే దాని వాటా ఎంతన్నది ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం దాటకూడదని సూచించింది. మన ఇళ్లలో అది తేలిగ్గా దాటుతుంది. పెసరట్టు, శనగల కూర, గుడ్ల పులుసు, చేపలు, చలికాలంలో బెంగళూరు బండ్ల మీద కనిపించే అనపగింజలు ఆ వాటాను కిందికి లాగుతాయి. అన్నంలో అనపగింజల పులుసు కొద్దిగా పోసుకోవడం ఒక పద్ధతి, అనపగింజల పులుసులో అన్నం కొద్దిగా కలుపుకోవడం ఇంకో పద్ధతి. రెండోది నేర్చుకోండి.

పదహారు గంటల ఉపవాసం, కీటో

పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తింటే కాలేయానికి ఎక్కువ మేలా? 2023లో వెలువడిన ఒక చైనా అధ్యయనం ఈ ప్రశ్ననే తీసుకుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఒక బృందం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తింది, మరో బృందం వేళల పట్టింపు లేకుండా తింది. ఇద్దరూ కేలరీలు ఒకే మోతాదులో తగ్గించారు. ఏడాది తర్వాత కాలేయ కొవ్వులో తగ్గుదల ఇద్దరికీ దాదాపు ఒకటే. ఉపవాసానికి ప్రత్యేక మహిమ ఏమీ లేదన్నమాట. అయినా కొందరికి అది సులువైన కంచె. రాత్రి అమెరికా వాళ్లతో మీటింగులు ముగిసి పదకొండు గంటలకు యాప్‌లో బిర్యానీ తెప్పించుకునేవారికి, సాయంత్రం ఏడున్నరకల్లా తిని వంటగది మూసేయడం కేలరీల పట్టికలు వంద పెట్టుకోవడం కంటే బాగా పనిచేస్తుంది. పీజీవాసులకు పొద్దుటి పూరీ మానడానికి కూడా ఇది మర్యాదైన సాకు. ఇన్సులిన్ లేదా చక్కెర పడిపోయేలా చేసే మాత్రలు వాడేవారు, గర్భిణులు, సిర్రోసిస్ ఉన్నవారు మాత్రం దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

కీటోలో తొలి వారాల్లో కాలేయ కొవ్వు వేగంగా తగ్గే మాట నిజం. కానీ కొన్నేళ్ల కిందట తెలుగునాట ఇంటింటా నడిచిన కొబ్బరినూనె, వెన్నల పద్ధతిని నేను ఎవరికీ సిఫారసు చేయను. ఫ్యాటీ లివర్ ఉన్నవారి ప్రాణాలు ఎక్కువగా తీసేది కాలేయం కాదు, గుండెజబ్బు. చెడ్డ కొలెస్ట్రాల్ పెంచే అవకాశం ఉన్న దారిలో కాలేయాన్ని బాగుచేసుకోవడం తెలివైన బేరం కాదు. పిండిపదార్థం తగ్గించి, ఆ చోటును పప్పులు, గుడ్లు, చేపలు, పల్లీలతో నింపుకునే మధ్యస్థ దారి మన వంటకు దగ్గరగా ఉంటుంది.

గ్లాసులో ఏముంది

ఈ జబ్బులో బెంగళూరు మీకు ఇచ్చే అతిపెద్ద సాయం ఫిల్టర్ కాఫీ. రోజుకు మూడు కప్పులు, అంతకుమించి కాఫీ తాగేవారిలో కాలేయపు మచ్చ తక్కువగా కనిపిస్తుందని అనేక పరిశీలనలు చెబుతున్నాయి, వైద్య మార్గదర్శకాలు కూడా ఈ మాటను ప్రస్తావిస్తాయి. చక్కెర లేకుండా తాగినప్పుడే దీనికి అర్థం. దర్శినిలో ‘సక్కరె బేడ’ అని ముందే చెప్పకపోతే కలిపిన కాఫీ వస్తుంది. నిద్ర పట్టనివారు, రక్తపోటు అదుపులో లేనివారు ఇది మందు అనుకుని కప్పులు పెంచకూడదు.

గ్రీన్ టీ తాగితే తాగండి. దాని సారంతో చేసిన బరువు తగ్గించే మాత్రలు మాత్రం కాలేయాన్నే దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి. పండు తినండి, పండ్లరసం వద్దు. రసంలో పీచు పోయి, ఫ్రక్టోజ్ ఒక్కసారిగా కాలేయం మీద పడుతుంది. దాన్ని కొవ్వుగా మార్చేది ప్రధానంగా కాలేయమే. సాయంత్రం కొబ్బరి బోండం, మజ్జిగ, చెరకు రసం మూడూ ఒకే బండి దగ్గర దొరికితే మొదటి రెండింటిలో ఏదైనా సరే.

మద్యం విషయంలో స్నేహితుల మధ్య తరచూ నడిచే వాదం బీరు తేలికా, విస్కీ తేలికా అని. లెక్క చూడండి. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం గాఢత ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో సుమారు 40 గ్రాములు. ఒక సీసా రెండు పెద్ద పెగ్గులకు సమానం. వారానికి మగవారిలో 210 గ్రాములు, ఆడవారిలో 140 గ్రాములు దాటితే వైద్యులు దాన్ని ఉత్త ఫ్యాటీ లివర్‌గా లెక్కించరు, మద్యం కూడా కలిసిన జబ్బుగా చూస్తారు. ఆ హద్దు లోపల ఉంటే క్షేమమని దీనర్థం కాదు. మచ్చ మొదలైనవారికి ఒక్క పెగ్గు కూడా వద్దు. మిగిలినవారికి కూడా కనీసం బరువు తగ్గే ఆ ఆరు నెలలు పూర్తిగా మానేయడమే నా సలహా, ఎందుకంటే పెగ్గు ఒంటరిగా రాదు, వేయించిన కోడిని వెంటబెట్టుకుని వస్తుంది.

నడకా, జిమ్మా

రెండింటిలో ఏదైనా కాలేయ కొవ్వును తగ్గిస్తుంది. తూకంలో మార్పు లేకపోయినా తగ్గిస్తుంది. జనం ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాడలేనంత వేగంతో నడవాలి. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఈ ఊళ్లో విజయవాడ ఎండల సాకు చెప్పడానికి వీల్లేదు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు దగ్గర ఉన్నవారు అదృష్టవంతులు. అగర చెరువు, కైకొండ్రహళ్లి చెరువు గట్ల మీద నడిచే దారులున్నాయి. ఇవేవీ దగ్గర లేనివారికి మెట్రో స్టేషన్ దాకా ఆటో మానేసి నడవడం కూడా లెక్కలోకి వస్తుంది.

మోకాళ్ల నొప్పులున్నవారికి, నడవడానికి సమయమే దొరకనివారికి బరువులు ఎత్తడం మేలు. కండ పెరిగితే రక్తంలోని చక్కెరకు వెళ్లడానికి మరో చోటు దొరుకుతుంది, కాలేయం మీద భారం తగ్గుతుంది. జిమ్ రుసుము లేకుండా ఇంట్లో గుంజీళ్లు, గోడకు చేతులాన్చి చేసే దండాలు, నీళ్ల క్యాన్ ఎత్తడం వారానికి రెండు రోజులు చేసినా మొదలుపెట్టినట్టే. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి వెళ్లాల్సిన జిమ్‌కు ఏడాది రుసుము ముందే కట్టకండి. వీధి చివర ఉన్న చిన్న జిమ్‌కు నెలనెలా కట్టండి.

మాత్రలు, పొడులు

తిప్పతీగ మీద మన ఇళ్లలో గౌరవం ఎక్కువ. కోవిడ్ రోజుల్లో దాన్ని రోజూ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు 2021 నుంచి మన దేశ వైద్యులు నమోదు చేశారు. కాలేయానికి మంచిదని చెప్పి అమ్మే ఏ పొడినైనా, సీసామీద పదార్థాల జాబితా లేకపోతే, వాడకపోవడమే రక్షణ. ఉర్సోడీఆక్సికోలిక్ ఆమ్లం అనే మాత్ర ఫ్యాటీ లివర్‌కు పనిచేస్తుందని మార్గదర్శకాలు చెప్పడం లేదు, అయినా చీటీల మీద కనిపిస్తూనే ఉంటుంది. విటమిన్ ఇ రోజుకు 800 యూనిట్ల మోతాదు, మధుమేహం లేకుండా, కాలేయ ముక్క పరీక్షలో వాపు నిర్ధారణ అయినవారికి డాక్టరు ఆలోచించి ఇచ్చేది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునేది కాదు.

సరోగ్లిటజార్ అనే మందుకు మన దేశంలో ఈ జబ్బు కోసం 2020లో అనుమతి వచ్చింది. అమెరికాలో మచ్చ ఓ మాదిరి నుంచి ముదిరిన దశ దాకా ఉండి, సిర్రోసిస్ రానివారికి రెస్మెటిరోమ్‌ను 2024 మార్చిలో, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను 2025 ఆగస్టులో అనుమతించారు. గ్రేడ్ 1 కాగితం ఉన్నవారికి వీటి అవసరం సాధారణంగా లేదు. మధుమేహం, స్థూలకాయం కూడా ఉంటే సెమాగ్లుటైడ్ గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. ఇంజెక్షన్ తీసుకుంటున్నా నడక, మాంసకృత్తులు మానకూడదు, లేకపోతే కొవ్వుతో పాటు కండా పోతుంది.

కొలెస్ట్రాల్ మాత్రను కాలేయ భయంతో ఎవరికివారే ఆపేసేవారు చాలామంది ఉన్నారు. ఫ్యాటీ లివర్‌లో స్టాటిన్‌లు వాడటం క్షేమమే. ముందే చెప్పినట్టు ఈ జబ్బులో పెద్ద శత్రువు గుండెపోటు, ఆ మాత్ర దానికి అడ్డుగోడ. డాక్టరు చెప్పకుండా ఆపకండి.

మూడు నెలలకు రక్తపరీక్షలు, ఆరు నెలలకు స్కానింగ్ చేయించుకుంటే మీ ఎంపిక పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఫిబ్-4 లెక్కను మధుమేహం ఉన్నవారు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, మిగిలినవారు రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేసుకోవాలి. కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు చేరి ఉబ్బడం, కాళ్ల వాపు, నల్లటి విరేచనాలు, రక్తవాంతి, మనిషి తికమకగా మాట్లాడటం వీటిలో ఏది కనిపించినా ఈ ఎంపికలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.